ఎలా పెట్టినా ఎనిమిది సెకన్లే

మా ఆడపడుచుని బజారంతా సెకన్లమ్మ అంటారు. ఆ పేరు పెట్టింది ఎదురు కొట్టు టైలరు. ఒకసారి అతను తన గోడ గడియారం బాగుచేయించుకుని తీసుకుపోతూ, "రోజుకి నిమిషం అటో ఇటో ఉన్నా పరవాలేదులేమ్మా, కత్తెరకి ఆ తేడా తెలీదు" అన్నాడు. ఈవిడ ఆ గడియారాన్ని అతని చేతుల్లోంచి వెనక్కి లాక్కుని, "నిమిషమంటే అరవై సెకన్లండీ. మీరు చొక్కా కుడుతూ అరవై కుట్లు వదిలేస్తారా?" అంది. నవ్వుతూ అనలేదు. నిజంగానే అడిగింది. టైలరు ఆ గడియారం కోసం ఇంకో నాలుగు రోజులు ఆగాడు. ఆగినన్నాళ్లూ కొలతలివ్వడానికి వచ్చిన ప్రతివాళ్లకీ ఆ మాట చెప్పాడు. పేరు అలా అతుక్కుపోయింది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికి ఆమెకి పంతొమ్మిదేళ్లు. ఇంటి ముందుగదే కొట్టు. వీధివైపు పెద్ద కిటికీ, దాని కింద బల్ల, జారిన మరలు నేల మీద పడకుండా బల్ల అంచున చెక్క పట్టీ. ఆ బల్ల ముందు మా మామగారు, ఆయన ఎడమ పక్కన ఈమె, ఇద్దరి కళ్లకీ చెరో భూతద్దం. మామగారు ముందు కొడుక్కే నేర్పబోయారట. మా ఆయన రెండు నెలలు కూర్చుని, మూడు చక్రాలు పోగొట్టి, నాన్నకో దండం పెట్టి అచ్చాఫీసులో చేరిపోయారు. అప్పుడు ఆ కుర్చీలో ఈమె కూర్చుంది. కూర్చోమని ఎవరూ చెప్పలేదు, లేవమనీ చెప్పలేదు.

మామగారు ఎక్కువ మాట్లాడే మనిషి కారు. ఆయన కూతురికి నేర్పిన సూత్రం ఒక్కటే: బల్ల మీద తప్పు చూపించే వాచీ మన గుమ్మం దాటకూడదు. ఆయన పోయాక కూడా ఈమె ఆ మాటని గీత దాటకుండా పట్టుకుంది. బాగుచేసిన ప్రతి వాచీనీ వారం రోజులు తన దగ్గరే ఉంచుకునేది. రోజూ పొద్దున్న ఏడింటికి రేడియోలో గంట కొట్టగానే అన్నిటినీ వరసగా సరిచూసి, ఓ పుస్తకంలో రాసుకునేది. ఆ సమయంలో నేను కాఫీ పట్టుకెళ్లినా కళ్లతోనే "అక్కడ పెట్టు" అనేది. ఆ కాఫీ ఎన్నిసార్లు చల్లారిపోయిందో లెక్కలేదు.

సంబంధాలు రాలేదని కాదు. వచ్చాయి. ఒకాయన కొట్టు మూసేయమన్నాడు. ఇంకొకాయన కాస్త మంచివాడు, కొట్టు ఉంచుకోవచ్చు గానీ కిటికీ దగ్గర కూర్చోవద్దన్నాడు. "కిటికీ లేకపోతే వెలుతురెక్కడినుంచి వస్తుంది?" అని ఈమె అడిగింది. అతను పరువు గురించి మాట్లాడుతున్నాడని ఆమెకి నేను తర్వాత విడమరచి చెప్పాల్సొచ్చింది. అలా ఏళ్లు గడిచిపోయాయి. ముప్ఫయ్యేడు దాటాయి. ఆ విషయం ఇంట్లో ఎత్తడం మేమూ మానేశాం.

అలాంటప్పుడు వచ్చాడు సరంగు.

మా ఊరిని ఆనుకుని నది. అవతలి ఒడ్డున రైలు స్టేషను. అప్పటికి వంతెన లేదు. రోజుకి పద్నాలుగుసార్లు లాంచీ అటూ ఇటూ తిరిగేది. దాన్ని నడిపేది ఈయన. నలభై రెండేళ్లుంటాయి, భుజాలు తలుపంత వెడల్పు, నోట్లో నాలుక లేని మనిషి. ఆయన తండ్రి కూడా అదే లాంచీకి సరంగు. తండ్రి పోయాక చుక్కాని, చేతి వాచీ రెండూ కొడుక్కి వచ్చాయి. లాంచీ బయల్దేరేది ఆ వాచీ చూసే.

ఆ పొద్దున్న ఆయన కొట్టు మెట్టెక్కి, వాచీని రుమాల్లోంచి తీసి బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏమైంది?" అంది మా ఆడపడుచు.

"పంతులమ్మగారు రైలు తప్పిపోయారండీ."

జరిగింది అంతకుముందు రోజు. ఎనిమిదింపావు లాంచీకి రోజూ ఓ బడిపంతులమ్మ వస్తుంది. ఆ రోజు ఆవిడ రేవులోకి దిగేటప్పటికి లాంచీ నాలుగు బారలు దూరంలో ఉంది. ఆవిడ చేతి వాచీలో ఇంకా ఎనిమిదింపావు కాలేదు. రేవులో ఉన్నవాళ్లందరూ తమ తమ వాచీలు చూసుకున్నారు. సరంగు వాచీ నాలుగు నిమిషాలు ముందుంది. ఆవిడకి అవతల జిల్లా కేంద్రంలో ఏదో ఇంటర్వ్యూ ఉందట. రైలు పోయింది, ఇంటర్వ్యూ పోయింది.

"తిట్టారా?" అంది మా ఆడపడుచు.

"లేదండీ. తిట్టి ఉంటే బాగుండేది. ఒడ్డు మీద కూర్చుండిపోయారు."

ఈమె కంటికి భూతద్దం పెట్టుకుని వాచీ వెనక మూత తీసింది. అయిదు నిమిషాల తర్వాత, "నూనె ఎండిపోయింది. లోపలి చక్రం పూర్తిగా ఊగడం లేదు, అందుకే తొందరపడుతోంది. మొత్తం విప్పి కడగాలి. పదిరోజులు" అంది. ఆయన తలూపి వెళ్లిపోయాడు. వెళ్లేముందు వాచీ వైపు ఓసారి చూశాడు, ఆసుపత్రిలో మనిషిని వదిలి వెళ్తున్నట్టు.

పదిరోజుల తర్వాత వాచీ ఆమె బల్ల మీద రోజుకి ఒక్క సెకను కూడా తేడా లేకుండా నడిచింది. పట్టుకెళ్లాడు. వారం తిరక్కుండా మళ్లీ వచ్చాడు.

"రోజుకి ఎనిమిది సెకన్లు ముందుకి పోతోందండీ" అన్నాడు, తనే తప్పు చేసినట్టు. "ఎనిమిదంటే పెద్ద తేడా కాదని నాకు తెలుసు. కానీ మీకు చెప్పాలనిపించింది."

ఇంకెవరైనా అయితే పాత వాచీకి అంతకంటే ఏం కావాలని పంపించేసేవాళ్లు. ఈమెకి మొహం మాడిపోయింది. తీసుకుని మళ్లీ విప్పింది, మళ్లీ వారం చూసింది. బల్ల మీద తేడా లేదు. ఇచ్చింది. మళ్లీ వచ్చాడు. ఎనిమిది సెకన్లు.

మూడోసారి వచ్చినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. టైలరు కూడా ఉన్నాడు, సూది దారం అరువుకి అన్న వంకతో. ఈమె గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించి, సరంగు మొహంలోకి సూటిగా చూసి, "రాత్రిపూట ఎలా పడుకుంటారు?" అంది.

గదిలో సూది పడితే వినపడేది. టైలరు చేతిలో సూది ఉండనే ఉంది. సరంగు చెవులు ఎర్రగా కందిపోయాయి.

"వాచీ సంగతండీ!" అన్నాను నేను, పరువు కాపాడాలని.

"వాచీ సంగతే. ఇంకేం సంగతి?" అంది ఈమె చిరాగ్గా. "లోపల ఓ చిన్న చక్రం అటూ ఇటూ ఊగుతూ ఉంటుందండీ. వాచీ వెల్లకిలా పడుకుంటే ఆ చక్రం ఇరుసు కొన మీద నిలబడి తిరుగుతుంది, బొంగరంలాగా. అదే వాచీని పక్కకి నిలబెట్టారనుకోండి, ఇరుసు పక్కలు ఒరుసుకుంటాయి. పైగా ఆ చక్రంలో ఒకవైపు రవ్వంత బరువెక్కువున్నా, నిలబెట్టినప్పుడు ఆ బరువు తన ప్రతాపం చూపిస్తుంది. పగలంతా మీ చెయ్యి కదుల్తూ ఉంటుంది కాబట్టి తప్పులు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. రాత్రి ఎనిమిది గంటలూ అది ఒకే వైపుకి పడుకుంటుంది. అందుకే అడుగుతున్నా, ఎలా పెడతారు?"

"అలమార్లోనండీ" అన్నాడాయన, ఊపిరి పీల్చుకుని. "గూట్లో. వెల్లకిలా."

"అయితే ఈ వారం బోర్లా పెట్టి చూడండి. రోజూ పొద్దున్న ఎంత తేడా వచ్చిందో రాసుకురండి."

అలా మొదలైంది. ప్రతి ఆదివారం లాంచీకి మధ్యాహ్నం రెండు గంటల విరామం. ఆయన ఓ కాగితం మడత పట్టుకుని వచ్చేవాడు. ఆ రాత ముత్యాల్లాంటిదేమీ కాదు, లాంచీ తాళ్ల ముడుల్లా ఉండేది, కానీ ఒక్క రోజు కూడా ఖాళీ ఉండేది కాదు. మొదటి వారం బోర్లా. రెండో వారం కీ తిప్పే గుండీ పైకి ఉండేట్టు నిలబెట్టి. మూడో వారం గుండీ కిందికి. తర్వాత పన్నెండు అంకె పైకి. ఆ తర్వాత ఆరు అంకె పైకి. ఆరో వారం సరిచూడ్డానికి మళ్లీ వెల్లకిలా. ఆదివారాలు ఆమె ఇస్త్రీ చీర కట్టడం మొదలుపెట్టిందని నేను గమనించాను. గమనించి ఊరుకున్నాను. టైలరు ఊరుకోలేదు. "వాచీకి వైద్యం జరుగుతోందా, మనిషికా?" అని నన్నే అడిగాడు.

ఏడో వారం ఆమె ఆయనతో, "పుస్తకానికి ఆనించి ఏటవాలుగా పెట్టి చూడండి" అంది. ఎనిమిదో వారం, "పట్టీతో మేకుకి వేలాడదీయండి." తొమ్మిదో వారం, గుడ్డ మీద ఏటవాలుగా, బోర్లా.

ఆయన వెళ్లాక నేను వంటింట్లోంచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాను. "ఏమే, వాచీకి ఎన్ని వైపులుంటాయి?"

"ఆరు."

"మరి ఇప్పుడు ఎన్నోది నడుస్తోంది?"

ఆమె మొహం జేవురించింది. అరికాలి మంట నెత్తికెక్కినట్టు లేచి, భూతద్దం బల్ల మీద విసిరినంత పని చేసి లోపలికెళ్లిపోయింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పద్దెనిమిదేళ్ల కాపురంలో మా ఇద్దరి మధ్యా మాటలు ఆగడం అదే మొదలు. నాకు అన్నం సహించలేదు. మా ఆయన ఇద్దరి మధ్యా ఉప్పూ కారం అందించే పనిలో పడి నలిగిపోయారు.

మూడో రోజు ఆమే వచ్చింది. చేతిలో ఆ కాగితాల కట్ట. నా పక్కన నేల మీద కూలబడి, వాటిని వరసగా పరిచింది.

"నువ్వన్నదాంట్లో అబద్ధం లేదు వదినా. ఆరు చాలు. కానీ నువ్వనుకున్న దాని కోసం ఒక్కటే కాదు. ఇదిగో చూడు."

చూశాను. నాకు అంకెలే కనిపించాయి. బోర్లా, ఎనిమిది. గుండీ పైకి, ఎనిమిది. కిందికి, తొమ్మిది. పన్నెండు పైకి, ఎనిమిది. మేకుకి, ఎనిమిది.

"ఎలా పెట్టినా ఎనిమిది సెకన్లే" అంది. "అది జరగదు వదినా. నా బల్ల మీద ఆరు రకాలుగానూ పెట్టి చూశాను. ఆరు రకాల జవాబులు వచ్చాయి. ఒక్కోవైపుకి ఒక్కో తీరు. ఏ వాచీకైనా అంతే."

"అయితే ఆయన ఇష్టమొచ్చింది రాసుకొస్తున్నాడన్నమాట. ఇక్కడికి రావడానికో వంక."

"నేనూ ముందు అదే అనుకున్నా" అంది, తల దించుకుని. అనుకున్నప్పుడు ఆమెకి సంతోషం కలిగిందో బాధ కలిగిందో ఆ గొంతులో తెలియలేదు. "కానీ అబద్ధం రాసేవాడు అంకెలు మారుస్తాడు కదా. నేను నమ్మాలని ఓసారి మూడు, ఓసారి పన్నెండు రాస్తాడు. వారాల తరబడి ఒకే అంకె ఎవడు రాస్తాడు, నిజంగా అదే వస్తే తప్ప?"

కాగితాల అంచులు సర్దుతూ మళ్లీ అంది. "నా చెయ్యి పోయిందేమోనని భయమేస్తోంది వదినా. నాన్నకి చివర్లో ఇలాగే, తను చూసింది ఒకటి, బయట జరిగింది ఒకటి. కొట్టులో కొత్త పనులు తీసుకోవడం మానేద్దామనుకుంటున్నా."

ఆ బల్ల ముందు ఆమె లేని కిటికీని నేను ఊహించుకోలేకపోయాను. "ఆరింట్లో ఎనిమిది వచ్చేది ఏది?" అన్నాను, ఊరికే, మాట కోసం.

ఆమె కాగితం నుంచి తలెత్తింది.

"గుండీ కిందికి" అంది నెమ్మదిగా. "రాత్రంతా గుండీ కిందికి ఉంటే రోజు మొత్తానికి ఎనిమిది తొమ్మిది వస్తుంది." లేచి నిలబడింది. "వదినా, ఆ వాచీ రోజూ గుండీ కిందికే పడుకుంటోంది! ఆయన ఎలా పెట్టినా సరే. ఆ గూట్లో ఏదో ఉంది. వాలుగా ఉందేమో, జారుతోందేమో. చూడాలి."

మర్నాడు పొద్దున పదింటి లాంచీలో ఇద్దరం అవతలి ఒడ్డుకి వెళ్లాం. సరంగుని ముందే అడిగింది, "మీ అలమార చూడాలి" అని. ఆయన కళ్లు పెద్దవి చేసి, సరేనన్నాడు. లాంచీ వదిలి రాలేడు కాబట్టి ఇల్లు ఎక్కడో గుర్తులు చెప్పాడు: రేవు దాటి, కట్టెల అడితి పక్క సందులో, నీలం తలుపు. "అమ్మ ఉంటుంది. చూపు ఆనదు. కాస్త గట్టిగా పిలవండి."

గట్టిగా పిలవక్కర్లేకపోయింది. మేం సందు మలుపు తిరగ్గానే, గుమ్మంలో కూర్చున్న ముసలావిడ "రండమ్మా, ఇద్దరున్నారు, ఒకరి చెప్పు తెగింది" అంది. నా చెప్పే. అంత చెవి ఆవిడది. కళ్లకి తెల్లటి పొర కమ్మేసి పదేళ్లయిందట.

ఇల్లు రెండు గదులు. శుభ్రంగా, ప్రతి వస్తువూ చేతికందే చోట. ముందుగదిలో ఆవిడ మంచం, లోపలి గదిలో కొడుకు పక్క. రెండిటికీ మధ్య గోడలో అలమార. మా ఆడపడుచు సంచిలోంచి గోళీ ఒకటి తీసి గూట్లో పెట్టింది. గోళీ కదల్లేదు. వాలు లేదు. వేలితో అంతా తడిమి చూసింది. ఏమీ లేదు. ఆమె మొహంలో రంగు దిగిపోవడం నాకు కనిపించింది.

"ఏం వెతుకుతున్నావమ్మా?" అంది ముసలావిడ.

"మీ అబ్బాయి వాచీ రాత్రిపూట ఎలా పడుకుంటోందో చూద్దామని పెద్దమ్మగారూ. ఆయన ఎలా పెట్టినా అది మళ్లీ ఒకే వైపుకి తిరిగి పడుకుంటోంది. నాకు అర్థం కావడం లేదు."

ముసలావిడ చీర కొంగు వేళ్లకి చుట్టుకుంది, విప్పుకుంది. ఆ తర్వాత చిన్నపిల్ల పట్టుబడినట్టు నవ్వింది.

"అది అక్కడ పడుకోదమ్మా. నా దగ్గర పడుకుంటుంది."

సంగతి అప్పుడు బయటపడింది. ఆవిడ భర్త బతికున్నన్నాళ్లూ వాచీని తలగడ కింద పెట్టుకుని పడుకునేవాడు. ముప్ఫయ్యారేళ్లు ఆ చప్పుడు వింటూ నిద్రపోయింది ఆవిడ. చూపు పోయాక రాత్రికీ పగలుకీ తేడా తెలీక సతమతమయ్యేదట. ఓ రోజు కొడుకు నిద్రపోయాక అలమార్లోంచి తడుముకుంటూ వాచీ తీసుకుని, పట్టీని గుప్పిట్లో చుట్టుకుని తలగడ కింద పెట్టుకుంది. నిద్ర పట్టేసింది. అప్పట్నుంచీ రోజూ అంతే. తెల్లవారుఝామున పాలవాడి సైకిలు గంట వినపడగానే లేచి, ఎలా తీసిందో అలాగే గూట్లో పెట్టేస్తుంది. బోర్లా ఉంటే బోర్లా. పుస్తకానికి ఆనించి ఉంటే పుస్తకానికి ఆనించి.

"ఈమధ్య వాడికేం పుట్టిందో, రోజుకో రకంగా పెడుతున్నాడు" అంది ఆవిడ. "మేకుకి తగిలించిన వారం నా ప్రాణం పోయింది."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. మా ఆడపడుచు నవ్వలేదు. మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. "ఎలా పట్టుకుంటారో ఓసారి చూపిస్తారా?" అని తన చేతి వాచీ విప్పి ఇచ్చింది. ఆవిడ పట్టీని గుప్పిట్లో చుట్టి, తలగడ కింద చెయ్యి పెట్టి, పక్కకి తిరిగి పడుకుంది. మా ఆడపడుచు తలగడ అంచు ఎత్తి చూసింది. వాచీ నిటారుగా నిలబడి ఉంది. గుండీ కిందికి.

అప్పుడు మా ఆడపడుచు మొహం నేను చూశాను. అంతకుముందెప్పుడూ అంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం చూడలేదు.

"మీ అబ్బాయికి చెప్పొచ్చు కదా అమ్మా?" అన్నాను నేను.

"చెబితే వాచీ నాకే ఇచ్చేసి ఇంకోటి కొనుక్కుంటాడు. వాడి సంగతి నాకు తెలీదా? అప్పుడది పగలంతా ఈ మంచం మీద పడుంటుంది. వాళ్ల నాన్న వాచీ లాంచీ మీద తిరగాలమ్మా. పగలు అక్కడ, రాత్రి ఇక్కడ. మీరు కూడా చెప్పకండి." అని ఆగి, మా ఆడపడుచు చెయ్యి వెతికి పట్టుకుంది. "దానివల్ల వాచీ చెడిపోతోందా తల్లీ? పంతులమ్మ సంగతి నావల్లేనా?"

"కాదు" అంది ఈమె వెంటనే. "అది నూనె ఎండిపోవడం వల్ల. మీవల్ల కాదు. మీరెలా పట్టుకుంటున్నారో అలాగే పట్టుకోండి."

ఆ ఆదివారం సరంగు దగ్గర వాచీ తీసుకుంది. ఆ రోజు నుంచి వారం రోజులు దాన్ని పగలు తన చేతికి పెట్టుకుంది. రాత్రి పట్టీ గుప్పిట్లో చుట్టుకుని, తలగడ కింద పెట్టుకుని పడుకుంది. రోజూ పొద్దున ఏడింటికి చూసుకుని, లోపల వేగం తగ్గించే చిన్న మీటని వెంట్రుకవాసి జరిపింది. పగలు ఎంత వెనకబడితే రాత్రి ఆ గుప్పిట్లో అంత పూడుకోవాలి. అదీ లెక్క.

వారం చివర దాన్ని బల్ల మీద వెల్లకిలా పెట్టి నాకు చూపించింది. "ఇప్పుడిది ఇక్కడ రోజుకి ఎనిమిది సెకన్లు వెనకబడుతుంది వదినా. మన బల్ల మీద తప్పు."

"మరి మామగారి మాట?"

ఆమె వాచీని రుమాల్లో చుట్టింది. "నాన్న ఆవిడని చూడలేదుగా" అంది.

సరంగుకి వాచీ ఇస్తూ, "ఇక రాసుకురావక్కర్లేదు. ఎలా పెట్టినా ఒకటే" అంది. అందులో అబద్ధమేమీ లేదు. ఆయన వాచీ తీసుకుని, కాసేపు నిలబడి, కాగితం తెచ్చే పని లేకుండా పోయిన చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, వెళ్లిపోయాడు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం కూడా. వాచీ సరిగ్గా నడుస్తోంది, ఎందుకొస్తాడు? మా ఆడపడుచు ఇస్త్రీ చీర కట్టుకుని కళ్లు కాయలు కాచేలా కిటికీ ముందు కూర్చుంది. మూడో ఆదివారం మామూలు చీర కట్టుకుంది. అది చూసి లాంచీ ఎక్కి వెళ్లి నేనే కడిగేద్దామనుకున్నాను.

నాలుగో ఆదివారం వచ్చాడు. తల దువ్వుకుని, మడతలు పోని కొత్త చొక్కాలో. టైలరు తన కొట్టు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ఆ చొక్కా కుట్టింది అతనే, సంగతి నాకంటే ముందే తెలుసన్నమాట.

"మళ్లీ ముందుకి పోతోందా?" అంది మా ఆడపడుచు, బల్ల మీది నుంచి కళ్లెత్తకుండా.

"లేదండీ. నెల్లాళ్లలో రెండు సెకన్లు."

"మరి?"

"బాగా నడుస్తోందనే వచ్చాను." ఆయన గొంతు సవరించుకున్నాడు. అంత పొడుగు మాటలు ఆయన నోట నేను వినడం అదే మొదలు. "మొన్న తెల్లవారుఝామున మెలకువొచ్చిందండీ. అమ్మ వాచీ గూట్లో పెడుతోంది. చప్పుడు కాకుండా, నేనెలా పెట్టానో అలాగే. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. మీరు మా ఇంటికొచ్చి చూసి కూడా ఆవిణ్ణి మానమనలేదు. నాకూ చెప్పలేదు. వాచీనే దిద్దారు."

"ఆవిడ చెప్పొద్దన్నారు."

"నాకు తెలిసినట్టు ఆవిడకి నేనూ చెప్పలేదు."

నేను తలుపు వెనక ఊపిరి బిగబట్టాను.

"మా ఇంటి ముందుగదికి కూడా కిటికీ ఉందండీ" అన్నాడాయన చివరికి. "తూర్పు వైపు. వెలుతురు బాగా వస్తుంది."

ఇది ఏ రకం మాటో నేను విడమరచి చెప్పాలేమోనని ఆత్రంగా తొంగిచూశాను. అక్కర్లేకపోయింది. ఆమె భూతద్దం తీసి బల్ల మీద పెట్టింది, చాలా మెల్లగా. "బల్ల పట్టేంత గోడ ఉందా?" అంది.

"కొలుచుకొచ్చాను" అని జేబులోంచి కాగితం తీశాడు.

రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టారు. సాక్షులు మా ఆయన, టైలరు. బల్లని లాంచీలోనే అవతలికి చేరవేశారు. ఆ రోజు నది ఒడ్డున నేను ఎంత ఏడ్చానో మా ఆయన ఇప్పటికీ ఎత్తి చూపుతారు. మా ముందుగది నెలల తరబడి బోసిపోయింది. పొద్దున ఏడింటికి రేడియో గంట కొడితే, కాఫీ పట్టుకుని ముందుగదిలోకి వెళ్లిపోయేదాన్ని, అలవాటుగా.

అత్తాకోడళ్లిద్దరూ తొమ్మిదేళ్లు కలిసి ఉన్నారు. ముసలావిడ చెవి ఎంత చురుకంటే, బల్ల మీద పది వాచీలు నడుస్తుంటే మంచం మీది నుంచే, "అమ్మాయ్, ఎడమవైపుది కుంటుతోంది" అనేది. చాలాసార్లు నిజమయ్యేది. తల్లి వాచీ తీసుకుంటోందని తెలియనట్టు కొడుకు, కొడుక్కి తెలుసన్నది తెలియనట్టు తల్లి, చివరిదాకా అలాగే నడిపారు. మధ్యలో మా ఆడపడుచు ఇద్దరి రహస్యమూ మోసింది. అబద్ధం చెప్పడం రాని మనిషికి అదెంత కష్టమో ఆమెకే తెలుసు.

ఆవిడ పోయిన వారానికి వాచీ వెనకబడటం మొదలైంది. రోజుకి ఎనిమిది సెకన్లు. సరంగు దాన్ని బల్ల మీద పెట్టి, "దిద్దుతావా?" అన్నాడట. ఈమె మూత తీసింది, మీట వంక చూసింది, మళ్లీ మూత పెట్టేసింది. అప్పట్నుంచీ రాత్రిపూట దాన్ని ఎలా పెట్టుకోవాలో వాళ్లే చూసుకుంటున్నారు. ఎవరి తలగడ కిందో నేను అడగలేదు.

తర్వాత వంతెన వచ్చింది, లాంచీ ఆగిపోయింది. సరంగు ఇప్పుడు కొట్టు ముందు కూర్చుని వచ్చినవాళ్లతో మాట్లాడుతుంటాడు. అసలు ఆ మనిషికి అన్ని మాటలు ఎక్కడ దాగున్నాయో! ఒక వాచీ ఇచ్చి వెళ్దామని వచ్చినవాళ్లు నది సంగతులన్నీ విని గంట తర్వాత లేస్తారు. మా ఆడపడుచు పని మధ్యలో విసుక్కుంటుంది, "కాస్త ఊపిరి తీసుకోండి" అంటుంది. ఆయన ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెడతాడు. మొన్న నేను వెళ్లినప్పుడు ఎవరో పెద్దమనిషికి వరదల సంగతి చెబుతున్నాడు. ఆమె చక్రం బిగిస్తూ, చేతిలో పట్టకారు అలాగే ఆపి వింటోంది. ఆ కథ ఆమె ఎన్నోసారి వింటోందో. నన్ను చూసి, "వదినా, కూర్చో, పడవ ఇంకా తిరగబడలేదు" అని పక్కన స్టూలు లాగింది.